రెండోసారి అడగని దేశం

విధివిధానాలపై ముందుమాట

నమోదు అనేది ఎవరు పడితే వారు, ఎలా పడితే అలా రాయదగినది కాదు. ముందు సంఘటన రాయాలి. తరువాత దాని కారణం రాయాలి. చివర, తప్పనిసరైతేనే, బాధ రాయాలి. బాధకు రెండు వాక్యాలకు మించి కేటాయించరాదు. కొట్టివేత ఉన్నచోట పక్కన పొట్టి సంతకం ఉండాలి. పాతికేళ్ళు రెవెన్యూ కార్యాలయంలో ఫైళ్ళు నడిపిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. ఆ కార్యాలయం ప్రస్తుతం సముద్రంలో ఉంది. ఫైళ్ళు వరుస తప్పకుండా మునిగి ఉంటాయని నా విశ్వాసం.

పై నియమాలను అనుసరించి దివిసీమ నిర్వాసితుల సంక్షేమ సంఘం, స్కెర్నా దేశ శాఖ, తన మొదటి శీతకాలపు నమోదును ప్రారంభిస్తున్నది. శాఖలో సభ్యులు ఇద్దరు. అధ్యక్షులు శ్రీ బొడ్డు పున్నయ్య గారు. కార్యదర్శిని నేను, తుమ్మల నాంచారయ్యను. అధ్యక్షుల వారి అమ్మాయిని మా అబ్బాయికి చేసుకున్నాం గనుక వారు నాకు వియ్యంకులు. ఒకరినొకరం బావగారూ అని పిలుచుకుంటాం. పిల్లలిద్దరూ ఈ దేశపు దక్షిణ తీరాన సముద్రపు గోడ కడుతున్నారు. అక్కడి బసల్లో యాభై దాటినవారికి చోటు లేనందున, భార్యలు లేని మా ఇద్దరికీ కలిపి ఉత్తరాన ఒక గది మంజూరైంది. వియ్యంకులిద్దరిని ఒకే గదిలో పెట్టకూడదన్న సంగతి ఇక్కడి ప్రణాళికా శాఖ దృష్టికి ఎవరూ తీసుకురాలేదు.

సంఘం తీర్మానాలు చెల్లాలంటే ఇద్దరు హాజరు కావాలి. గది ఒక్కటే గనుక ఆ విషయంలో ఇంతవరకు ఇబ్బంది తలెత్తలేదు.

నమోదు 1: వేడినీళ్ళు

గది మాట్లాడుతుంది. గోడలో దానికొక చెవి, ఒక గొంతు ఉన్నాయి. కన్ను లేదు, ఒకరి గదిలోకి చూడడం ఈ దేశంలో మర్యాద కాదట. మన భాష దానికి ఎక్కడ నేర్పారో గాని, తాతల నాటి పుస్తకాల్లోని భాష మాట్లాడుతుంది.

చేరిన సాయంత్రమే అడిగింది. "ఈ గదికి వేడినీరు కావలెనా?"

పున్నయ్య గారు నా వైపు చెయ్యి చూపించారు. "ముందు బావగారి సంగతి చూడమ్మా. నాకేం, చన్నీళ్ళు అలవాటే."

"భలేవారే! దగ్గు మీకు, వేడినీళ్ళు నాకా? నాకొద్దండీ, ఆయనకివ్వండి" అన్నాను.

"చూశావా అమ్మా ఈయన వరస? పెళ్ళినాడూ ఇదే తంతు. పీటమీద కూర్చోమంటే ఫర్వాలేదంటారు, కాఫీ తాగమంటే ఇప్పుడేగా తాగానంటారు. నాకొద్దంటే వద్దు."

"నాకూ వద్దు!"

"ఇరువురి నిరాకరణమును గౌరవించితిమి" అంది గది. గోడ లోపల ఎక్కడో గొట్టం మూసుకున్న చప్పుడైంది.

ఇద్దరం నవ్వుకుని, రెండోసారి అడిగినప్పుడు ఎవరు ఒప్పుకోవాలన్న విషయమై కాసేపు వాదించుకున్నాం. ఈలోగా గది మరికొన్ని విషయాలు అడిగింది. పడుకునే వేళకు మేము మర్యాద కొద్దీ పోగొట్టుకున్నవి: రెండో దుప్పటి, కాళ్ళ కింద వేసుకునే వెచ్చని పరుపు, పొద్దుటి టీ, కిటికీకి తెర. వేటి గురించీ గది మళ్ళీ అడగలేదు.

"మొదటి రోజు గదా, మొహమాటపడతంది" అన్నారు పున్నయ్య గారు. గది తరఫున.

నమోదు 2: కుశల ప్రశ్న

పక్క గదిలో యెల్వా అనే పెద్దావిడ ఉంటుంది. నడవాలోనూ ఒక చెవి, ఒక గొంతు ఉండడం వల్ల ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. నిన్న ఆవిడ ఎదురుపడితే "భోంచేశారా?" అన్నాను. ఆవిడ నిలబడిపోయి, బాగా ఆలోచించి, ఉడికించిన దుంపలు రెండు, ఎండు చేప ఒకటి తిన్నానని, దుంపల్లో ఒకటి సరిగా ఉడకలేదని వాంగ్మూలం ఇచ్చింది. సంతోషించాను.

ఇవాళ మళ్ళీ ఎదురుపడింది. "భోంచేశారా?" అన్నాను. ఆవిడ మొహం తెల్లబోయింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మధ్యాహ్నానికి గది మాకు వినిపించింది: "అడిగిన ప్రశ్ననే మరల అడుగుట వేధింపు. ఇది ప్రథమ హెచ్చరిక."

"అదేందీ, నిన్న తింటే ఇయ్యాల ఆకలెయ్యదా వీళ్ళకి?" అన్నారు పున్నయ్య గారు.

అప్పుడు నాకు వేడినీళ్ళ సంగతి అర్థమైంది. గది మొహమాటపడడం లేదు. మా మాట మన్నిస్తున్నది. మేము బతికున్నంత కాలం మన్నిస్తూనే ఉంటుంది.

నమోదు 3: మందు

అధ్యక్షుల వారి దగ్గు మామూలు దగ్గు కాదు. మా ఊళ్ళమీదికి సముద్రం వచ్చిన ఏడాది ఆయన వదిలి రానని మొండికేసి, ఉప్పుగాలిలో ఆఖరి పడవ దాకా ఉండిపోయారు. ఆ ఉప్పు ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇక్కడి వైద్యశాలలో దానికి ఆవిరి మందు ఉంది. శీతకాలమంతా పీల్చాలి.

ఇద్దరం వెళ్ళాం. పరీక్షలో నాకేమీ లేదని తేలింది. వైద్యశాల గోడ ఆయన్ను అడిగింది: "మందు కావలెనా?"

నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు నొక్కాను. కానీ యాభై ఎనిమిదేళ్ళ అలవాటు నా వేళ్ళకంటే ముందే నోరు తెరిచింది.

"అబ్బే, ఇప్పుడెందుకమ్మా నీకు శ్రమ? బయట ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళని చూడు ముందు. నేను గుండ్రాయిలాగున్నా."

"మీ నిరాకరణమును గౌరవించితిమి."

నేను లోపలికి పరుగెత్తి డాక్టరును పట్టుకున్నాను. చిన్నవాడు, మంచివాడు. "వాడితే మంచు కరిగేనాటికి దగ్గు పోతుంది. వాడకపోతే ఆయన మంచు కరగడం చూడరు" అన్నాడు.

"ఆ ముక్క అడిగే ముందు చెప్పాలి కదండీ!"

"ముందు చెబితే ఒత్తిడి చేసినట్టవుతుంది" అన్నాడు డాక్టరు. నిజంగానే నొచ్చుకున్నాడు.

తిరిగి వస్తుంటే పున్నయ్య గారు నాకు ధైర్యం చెప్పారు. "కంగారుపడకండి బావగారూ. పెద్ద దేశం. ఆమాత్రం మళ్ళీ అడగరా?"

నమోదు 4

రాయబడలేదు. చన్నీళ్ళకు వేళ్ళు వంగలేదు.

నమోదు 5: అర్జీ

అంగీకార కార్యాలయంలో ఓర్సా అనే అధికారిణికి అర్జీ సమర్పించాను. నా వయసే ఉంటుంది. నన్ను బల్లకు ఆ చివర కూర్చోబెట్టి తను ఈ చివర కూర్చుంది. దగ్గరగా కూర్చోమనడం కూడా ఇక్కడ ఒత్తిడే. మా ఇద్దరి మధ్య గోడ తర్జుమా చేసింది. ఆమె మాటలు ఆమె గొంతులో ఉన్న తీరునే ఇక్కడ రాస్తున్నాను.

"మా అమ్మ ఇల్లు అమ్మనంది" అంది ఓర్సా. "కొనేవాళ్ళు మళ్ళీ వచ్చి అడిగారు. మళ్ళీ వచ్చారు. పండగకి వచ్చారు, జబ్బు చేస్తే వచ్చారు. చివరికి అలిసిపోయి సరేనంది. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అమ్మ ఒకావిడ ఉండేది. అందుకే మాకు ఒక్క వద్దు చాలు. మీకు ఎన్ని కావాలి?"

"మొదటి వద్దు మా దగ్గర లెక్కలోకి రాదండీ. మర్యాద."

"రెండోది?"

"అదీ రాదు."

"మరి ఆయనకి నిజంగా వద్దని మీకెలా తెలుస్తుంది?"

ఇక్కడ అధ్యక్షుల వారి పూర్వ వృత్తిని వివరించవలసి వచ్చింది. ఆయన పెళ్ళిళ్ళలో వడ్డనలు నడిపేవారు. బంతిలో కూర్చున్నవాడు చాలు చాలంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. నోరు ఏమంటున్నదో వినకూడదు, వేళ్ళు చూడాలి. వేళ్ళ మధ్య సందుంటే వడ్డించాలి. వేళ్ళు దగ్గరగా అతుక్కుని ఉంటే ముందుకు సాగిపోవాలి. నేను చెయ్యి చాపి రెండు విధాలా చూపించాను.

ఓర్సా చాలాసేపు నా చేతినే చూసింది. "గోడలకి కళ్ళు పెట్టలేదు" అంది. తరువాత గొంతు తగ్గించింది. "ఒక దారుంది. ఎవరూ అడగకుండా తనంతట తాను నోరు తెరిచి అడిగితే, పాత వద్దు రద్దవుతుంది. ఒక మనిషికి ఒక శీతకాలంలో ఒక్కటే. అయితే..."

"అయితే ఇప్పుడే అడుగుతున్నాను! పున్నయ్య గారికి మందు ఇప్పించండి!"

గోడ పలికింది. "అన్యుని దేహవిషయము. చెల్లదు. మీ అడుగుట ఈ శీతకాలమునకు ముగిసెను."

"ఒంటికి సంబంధించినది ఆ మనిషే అడగాలి అని చెప్పబోతున్నాను" అంది ఓర్సా. కళ్ళు మూసుకుంది. "గదికి సంబంధించినవి గదిలో ఉన్నవాళ్ళు ఎవరైనా అడగొచ్చు. ఒంటివి మాత్రం కుదరదు. ఆయన్నే అడగమనండి. ఒక్క మాట. అంతే."

అంతే అని ఆమె అనుకుంటున్నది. ఆమెకు పున్నయ్య గారు తెలియదు.

నమోదు 6: సాధన

అధ్యక్షులు మందు అడగవలెనని సంఘం తీర్మానించింది. "అట్టాగే, తొందరేముంది" అంటూ అధ్యక్షులు సంతకం చేశారు.

గదిలో సాధన చేస్తే చెవి విని లెక్కలో వేసుకునే ప్రమాదం ఉన్నందున, ప్రతి ఉదయం ఆయన్ను బయట మంచులోకి తీసుకువెళ్ళాను. దగ్గు ఉన్నవారిని మంచులో నిలబెట్టడం సబబు కాదన్న అభ్యంతరాన్ని కార్యదర్శి స్వయంగా లేవనెత్తి, స్వయంగా తోసిపుచ్చారు.

"అనండి బావగారూ. 'నాకు మందు కావాలి.'"

"ఎవర్ని అడగాలి?"

"గదిని."

"గోడనా! తోడబుట్టినోణ్ణి ఏనాడూ మంచినీళ్ళడిగి ఎరగను. గోడనడుగుతానా?"

"నేనే గోడననుకోండి. అడగండి."

ఆయన కండువా సర్దుకున్నారు. "ఏమ్మా, బాగుండావా? పిల్లలు బాగుండారా? అదేదో మందంట... మీ దగ్గర మిగిలిందేదన్నా ఉంటే... లేకపోయినా ఏం ఫర్వాలేదనుకో..."

"బావగారూ!"

"మరేం చెయ్యమంటారు, నోరు రావట్లా."

మరునాడు ఇంకాస్త పొట్టిగా అడిగారు. ఆ మరునాడు మిగిలిన మందు ఊసు మానేశారు, కాని పిల్లల క్షేమం మానలేదు. నేను విసుక్కున్నాను. చేతులు జోడించాను. ప్రాణం మీదికొచ్చాక ఈ బిగువేమిటని కసిరాను కూడా. ఆయన మంచులో ఉన్న రాతిమీద కూర్చుని, దగ్గు తగ్గేదాకా ఆగారు.

"బావగారూ, బిగువు కాదు. నేను ఎన్ని బంతులు లేపానో లెక్కలేదు. తినేవాడు నోరు తెరిచి అడక్కముందే ఆకులో పడాల. అడిగాడంటే నా వడ్డన చెడినట్టు. ఒక్కసారి గుడ్లవల్లేరు పెళ్ళిలో ఎవరో ముసలాయన 'నాయనా, కాస్త పెరుగు' అని అడిగాడు. నాకు మూడు రోజులు అన్నం సయించలా. ఇప్పుడు వీళ్ళు మనకి చోటిచ్చారు, రొట్టె పెడతన్నారు. నేను నోరు తెరిచి అడిగితే మీకు పెట్టడం చేతకాలేదని మొహాన కొట్టినట్టు గదా? అంత మాట ఎట్టా అంటా?"

పాతికేళ్ళలో ఏ అర్జీదారుడూ ఇవ్వాల్సినవాడి పరువు గురించి దిగులుపడడం నేను చూడలేదు.

"మీరు పోతే అమ్మాయికి నేనేం చెప్పాలి?" అన్నాను. "మీ నాన్న గోడ నొచ్చుకుంటుందని పోయాడని చెప్పాలా?"

ఆయన లేచారు. ఊపిరి కూడదీసుకున్నారు. "నాకు మందు కావాలి!" అని అరిచారు. ఎదురు వరుసలో ఎవరిదో కిటికీ మూసుకుంది. పున్నయ్య గారు పెళ్ళిపందిట్లో నవ్వినట్టు నవ్వారు.

"వచ్చింది గదా! రేపు గదిలో అనేస్తా."

నమోదు 7: అడగడం

ఉదయం. అధ్యక్షులు మంచంమీద లేచి కూర్చుని, తల దువ్వుకుని, కండువా వేసుకున్నారు. నేను గిన్నెలు కడగడం ఆపి ఎదురుగా నిలబడ్డాను. ఇక్కడి చన్నీళ్ళు నీళ్ళలా ఉండవు, కోస్తాయి. మా ఇద్దరి బట్టలూ గిన్నెలూ ఆయన్ను ముట్టుకోనివ్వకుండా నేనే కడుగుతున్నందున నా చేతులు పగిలి ఉన్నాయి. వెనక్కి దాచుకోవలసింది. దాచుకోలేదు.

ఆయన నోరు తెరిచారు. నా చేతులవైపు చూశారు. నోరు మూసుకున్నారు.

"అనండి" అన్నాను.

"ఇదుగో, అమ్మా" అన్నారు గోడతో. "నాకు అడగడం చేతకాదు. అందుకని ఇన్నాళ్ళు ఊరుకున్నా. ఇప్పుడు అడుగుతన్నా. కావాలి."

"ఏమి కావలెను?"

నేను పెదవులతో 'మందు' అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూడడం లేదు.

"ఈ గదికి వేడినీళ్ళు కావాలి. మా బావగారి చేతులు చూడలేకపోతన్నా."

"గౌరవించితిమి. మీ అడుగుట ఈ శీతకాలమునకు ముగిసెను."

గోడ లోపల గొట్టం తెరుచుకున్న చప్పుడైంది. కుళాయిలోంచి పొగలు వచ్చాయి. పున్నయ్య గారు మంచం దిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కుళాయి కింద పెట్టారు.

"చూశారా, ఎంత తేలికో! అనవసరంగా భయపడ్డాం."

"మందు?" అన్నాను.

"అది పై శీతకాలం అడుగుదాం లెండి. ఇప్పుడు అలవాటైంది గదా."

బాధ, నియమం ప్రకారం రెండు వాక్యాలు. నీళ్ళు వేడిగా ఉన్నాయి. చాలా వేడిగా ఉన్నాయి.

నమోదు 8: దైనందిన విషయాలు

అధ్యక్షులకు రోజూ వేడినీళ్ళ స్నానం చేయిస్తున్నాను. వీపు రుద్దుతుంటే "చాలు బావగారూ, చాలు" అంటారు. వినిపించుకోవడం లేదు.

పిల్లలకు కబురు పంపాం. మంచు కరిగాక గాని సముద్రపు గోడ పనికి సెలవు ఇవ్వరట. ఒకసారి అడిగారు, కాదన్నారు. రెండోసారి అడిగితే ఏమవుతుందో వాళ్ళకూ తెలుసు.

ఓర్సా ఒకసారి వచ్చింది. లోపలికి రమ్మని ఒక్కసారే పిలిచాను, వెంటనే వచ్చింది. నా చేతులు, కుళాయి పొగలు, మంచంమీద పున్నయ్య గారు, వరుసగా చూసింది. పున్నయ్య గారు "అమ్మాయి ఏం తీసుకోలేదు, రొట్టె పెట్టండి బావగారూ" అన్నారు. ఆమె వద్దంది. పున్నయ్య గారు ఆమె చేతి వేళ్ళవైపు తేరిపార చూసి, "పెట్టండి" అన్నారు. పెట్టాను. ఆమె మొత్తం తినేసి, తలెత్తకుండా వెళ్ళిపోయింది. పెట్టండన్న మాట గోడ విన్నదేమో గాని, పెట్టడం వినలేదు. రొట్టె చప్పుడు చెయ్యదు.

నమోదు 9: వేళ్ళు

అధ్యక్షులు పళ్ళెం ముందు కూర్చోలేకపోతున్నారు. చెంచాతో గంజి పట్టిస్తున్నాను. రెండు చెంచాలు కాగానే గిన్నెమీద చెయ్యి అడ్డం పెడతారు. వేళ్ళ మధ్య సందుంటుంది. ఇంకో చెంచా పోస్తాను. "వడ్డన నేర్చారు బావగారూ" అంటారు, మాట వచ్చినప్పుడు.

ఇవాళ మాట రాలేదు. గిన్నెమీద చెయ్యి పెట్టారు. వేళ్ళు దగ్గరగా అతుక్కుని ఉన్నాయి. నేను కాసేపు చూశాను. వెలుతురు సరిగా లేదేమోనని మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపి మళ్ళీ చూశాను.

చెంచా పక్కన పెట్టాను.

నమోదు 10: ఖాళీ

శాఖ అధ్యక్ష పదవి ఖాళీ అయింది. బయట మంచు ఉంది.

మనుషులు వచ్చి ఆయన్ను తీసుకువెళ్ళారు. ఎంతో మర్యాదగా, ఒక్క ప్రశ్న అడగకుండా తీసుకువెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక గది అడిగింది: "రెండవ మంచమును తీసివేయవలెనా?"

ఈ దేశంలో ఒక ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో శీతకాలమంతా కష్టపడి నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నదాని ప్రకారం ఆలోచించాలి. మంచం అక్కర్లేదు. గది ఇరుకు. తీసేస్తే మేజాబల్ల పడుతుంది.

"వద్దు" అన్నాను.

"మీ నిరాకరణమును గౌరవించితిమి" అంది గది.

ఇక ఎప్పటికీ అడగదు. ఈ మంచాన్ని ఇక్కడినుంచి కదిలించే అధికారం ఇప్పుడు ఏ కార్యాలయానికీ లేదు. ఈ దేశంలో నా మాట ఒకటి అనుకున్నది అనుకున్నట్టుగా చెల్లడం ఇదే మొదటిసారి.

బాధ: ఈ విభాగం ఖాళీగా వదిలివేయబడింది. పొట్టి సంతకం చేశాను.

చివరి తీర్మానం

హాజరు: కార్యదర్శి, అధ్యక్షుల వారి మంచం. ఇద్దరు హాజరైనందున సభ చెల్లుతుంది. మంచం అభ్యంతరం తెలపలేదు గనుక కింది నియమం ఏకగ్రీవంగా ఆమోదించబడింది.

ప్రతి పూటా భోజనానికి ముందు కార్యదర్శి మంచాన్ని, గోడకు వినపడేలా, మూడుసార్లు పిలవాలి. మూడుసార్లూ వచ్చే నిశ్శబ్దాన్ని మర్యాదగానే పరిగణించాలి. నాలుగోసారి పిలవకుండా వడ్డించాలి. మంచానికి నిజంగా అక్కర్లేని పక్షంలో ఆ సంగతి వేళ్ళు దగ్గరగా పెట్టి తెలియజేయాలి. వేరే పద్ధతిలో తెలియజేస్తే చెల్లదు. ఈ పిలుపుల విషయమై గోడ జారీచేసే వేధింపు హెచ్చరికలను వచ్చిన వరుసలో దాఖలు చేయాలి. వేడినీళ్ళు ఇద్దరికీ సరిపడా పట్టాలి.

ఈ నియమం అంతిమం. దీనిమీద ఎవరూ రెండోసారి అడగరాదు.